టికెట్టుపై గంటలు, గాలిలో గంటలు

ప్రశ్న: న్యూయార్కులో ఉన్న మా అమ్మాయి దగ్గరకు జూన్‌లో వెళ్తున్నాను. ఢిల్లీలో తెల్లవారుజామున 2 గంటలకు ఎక్కితే అదే రోజు ఉదయం 7.30కి దిగుతానని, తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నం 12కి ఎక్కితే మర్నాడు 11.30కి దిగుతానని టికెట్టులో ఉంది. ఇంత తేడా ఎందుకు?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: టికెట్టుపై ఏ ఊరి వేళ ఆ ఊరిదే వేస్తారమ్మా. వేసవిలో న్యూయార్కు గడియారం మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనుక ఉంటుంది కనుక, వెళ్లేటప్పుడు కనిపించే అయిదున్నర గంటలకు దానిని కలిపితే 15 గంటలు, వచ్చేటప్పుడు కనిపించే ఇరవై మూడున్నరలో నుంచి తీసివేస్తే 14 గంటలు నిలుస్తాయి. చలికాలంలో ఈ తేడా పదిన్నర గంటలు.

మిగిలిన ఆ ఒక్క గంట గాలిది. దాదాపు 10 కి.మీ. ఎత్తున పడమర నుంచి తూర్పుకు ఉధృతంగా వీచే జెట్ స్ట్రీమ్ వెళ్లేటప్పుడు విమానానికి ఎదురవుతుంది, వచ్చేటప్పుడు వెనుక నుంచి తోస్తుంది. రెండు ఊళ్ల మధ్య సుమారు 11,750 కి.మీ. అన్నది భూగోళంపై అతి దగ్గరి దారి మాత్రమే. ఏదైనా దేశం తన గగనతలాన్ని మూసివేస్తే విమానం చుట్టుతిరగాలి, అప్పుడు గంటలూ పెరుగుతాయి.

గన్నవరం నుంచి ఢిల్లీకి రెండు గంటలకు పైగా పడుతుంది. అక్కడ ఇమిగ్రేషన్, తనిఖీలు ఉంటాయి కాబట్టి రెండు విమానాల నడుమ కనీసం నాలుగు గంటల వ్యవధి ఉండేలా చూసుకోండి.