మీ సందేహం: యోహానే ఏలీయానా?

ప్రశ్న: అన్నా, వందనాలు. మాది దేవరకొండ దగ్గర పల్లె. మొన్న సువార్త సభల్లో ఒక ప్రసంగీకుడు "కడవరి దినాల్లో రావలసిన ఏలీయాను నేనే" అన్నాడు, మా అమ్మ నమ్మేసింది. ఇంటికొచ్చి బైబిలు తీస్తే ఇంకా గందరగోళం. యేసేమో బాప్తిస్మమిచ్చు యోహానే ఏలీయా అంటాడు, యోహానేమో నేను కాదంటాడు. పైగా నా దోస్తు ఒకడు "అంటే మీకూ పునర్జన్మ ఉన్నట్టే కదా" అని ఆటపట్టిస్తున్నాడు. ఏం చెప్పాలి?

జవాబు: ముందు దోస్తు సంగతి చూద్దాం తమ్ముడూ, అది తేలిక. ఏలీయా పాత నిబంధన ప్రవక్త, అసలు చనిపోనే లేదు. రెండో రాజుల గ్రంథం 2వ అధ్యాయం చూడు, సుడిగాలిలో పైకి వెళ్లిపోయాడు. చావే లేనివాడికి మళ్లీ పుట్టుక ఎక్కడిది? ఇంకోటి, మత్తయి సువార్త 14లో పాలకుడు హేరోదు యోహాను తల తీయించాడు, 17లో కొండ మీద యేసు పక్కన మోషేతో పాటు ఏలీయా కనబడ్డాడు. ఇద్దరూ ఒకరే అయితే శిష్యులు అక్కడ చూడాల్సింది యోహానును కదా.

మరి యేసు అలా ఎందుకన్నాడు? మలాకీ పుస్తకం చివర, ప్రభువు దినం రాకముందు ఏలీయాను పంపిస్తానని దేవుడు మాటిచ్చాడు. మన బైబిల్లో పాత నిబంధన ఆ మాటల దగ్గరే ఆగిపోతుంది. యూదులు ఇప్పటికీ పస్కా పండుగ బల్ల మీద ఏలీయా కోసం ఒక గిన్నెడు ద్రాక్షారసం పోసి పెడతారు, అంతగా ఎదురుచూసే మనిషి. అందుకే యెరూషలేము నుంచి యాజకులొచ్చి యోహానును నిలదీశారు. ఆకాశం నుంచి దిగొచ్చిన ఆ పాత ఏలీయావేనా అన్నది వాళ్ల ప్రశ్న, కాదన్నది నిజమైన జవాబు. యేసు చెప్పింది పని గురించి. లూకా 1లో దూత యోహాను తండ్రి జెకర్యాతో ముందే అన్నాడు, నీ కొడుకు ఏలీయా ఆత్మతో, శక్తితో ప్రభువుకు ముందు నడుస్తాడని. మన నల్గొండ దిక్కు దొర ముందు నదరు బెదరు లేకుండా మాట్లాడే ఆడపిల్లను చూసి "ఐలమ్మరా ఇది" అంటాం, చాకలి ఐలమ్మ మళ్లీ పుట్టిందని ఎవరైనా లెక్కలేస్తారా? యోహాను వేసుకున్న ఆ వెంట్రుకల బట్ట, ఆ తోలు నడికట్టు కూడా ఏలీయావే. ఏలీయాకు రాజు అహాబు, రాణి యెజెబెలు ఎదురైతే ఇతనికి హేరోదు, అతని భార్య హేరోదియ.

ఇక ఆ ప్రసంగీకుడు. లోకాంతానికి ముందు ఏలీయా మళ్లీ వస్తాడని నమ్మే క్రైస్తవులు ఉన్నారు, ప్రకటన 11లోని ఇద్దరు సాక్షుల్లో ఒకడు ఆయనేనంటారు. ఆ నమ్మకంతో నాకు పేచీ లేదు. ఆ వచ్చేది నేనే అనేవాడితోనే పేచీ. ముందు నడిచేవాడి పని ఎలా ఉంటుందో యోహానే చెప్పాడు: పెళ్లికొడుకు స్నేహితుడి పని అని. ఎదుర్కోళ్ల దగ్గర బ్యాండు వినబడగానే పరుగెత్తి, వచ్చిండు వచ్చిండు అని అందరికన్నా ముందు మురిసిపోయి, పెళ్లికొడుకు పందిట్లోకి రాగానే పక్కకు జరిగేవాడు. నువ్వెవరు అని యాజకులు అడిగితే క్రీస్తును కాను, ఏలీయాను కాను, ఆ ప్రవక్తను కాను అని మూడుసార్లు తప్పించుకుని, చివరికి ఎడారిలో కేకవేసే గొంతును మాత్రమే అన్నాడు. ఆ సభ ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో పెద్దగా ఉందో ఒక్కసారి గుర్తు తెచ్చుకో. యోహాను తన దగ్గరికొచ్చిన జనానికి ఏం చెప్పాడో కూడా చూడు, లూకా 3లో ఉంది: రెండంగీలు ఉంటే లేనివాడికి ఒకటివ్వండి, పన్ను వసూలు చేసే సుంకరులైతే నిర్ణయించిన దానికి మించి వసూలు చేయకండి, సిపాయిలైతే ఎవరినీ బెదిరించి గుంజుకోకండి. కానుక పెట్టెల ఊసే లేదు.

అంత చేసినవాడికి కూడా చివర్లో అనుమానం వచ్చింది. చెరసాలలో ఉండి, రావలసినవాడివి నువ్వేనా, ఇంకొకరి కోసం చూడాలా అని యేసుకు కబురు పెట్టాడు. మృత సముద్రానికి తూర్పున మకేరస్ కోటలో అతన్ని ఉంచారని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. దారి వేసినవాడు ఆ దారి ఎక్కడిదాకా పోయిందో చూడకుండానే పోయాడు. యేసు మాత్రం అలా అడిగాడని తిట్టలేదు, జనం ముందు మెచ్చుకున్నాడు. నాకు బాగా నచ్చే చోటు ఇది.

అమ్మతో గొడవ పడకు. రాత్రి అన్నాలయ్యాక పక్కన కూర్చుని యోహాను సువార్త 1వ అధ్యాయం 19 నుంచి 23 దాకా చదివి వినిపించు. ఆమెకే తడుతుంది.

ప్రశ్న: మా పక్కింటి కేథలిక్కులు జూన్ 24న స్నాపక యోహాను పుట్టినరోజు చేస్తారు. ఆ తేదీ బైబిల్లో ఉందా? (నాగర్‌కర్నూల్)

జవాబు: తేదీ లేదు, లెక్క ఉంది. యేసు తల్లి మరియకు దూత కనబడేసరికి యోహాను తల్లి ఎలీసబెతుకు ఆరో నెల. డిసెంబర్ 25 నుంచి ఆరు నెలలు వెనక్కి వెళ్తే ఈ పండుగ. అతని తల తీయించిన రోజును ఆగస్టు 29న వేరే స్మరిస్తారు. అగస్టీను అనే పాత గురువు ఇందులో ఇంకో ముచ్చట చూశాడు: ఆయన పెరగాలి, నేను తగ్గాలి అన్నాడు కదా యోహాను, అతను పుట్టిన రోజు నుంచి పగళ్లు తగ్గుతాయి, యేసు పుట్టిన రోజు నుంచి పెరుగుతాయి. మనకైతే అప్పటికి ఆరుద్ర కార్తె పడి రెండు రోజులు, అందరి కళ్లూ మబ్బు మీదే.