సర్వర్ అందడం లేదని ఫైర్‌వాల్ తీసేస్తారా?

ప్రశ్న: పైథాన్‌లో ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీతో (ఒక కంప్యూటర్‌లోని ఫంక్షన్‌ను మరో కంప్యూటర్ నుంచి పిలిచే పద్ధతి) చిన్న సర్వర్, క్లయింట్ రాశాను. నా ల్యాప్‌టాప్‌లో రెండూ బాగానే పనిచేశాయి. హాస్టల్ వైఫైలో స్నేహితుడి ల్యాప్‌టాప్ నుంచి పిలిస్తే ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అని వచ్చింది. ఒక వీడియో చూసి, బయటి కనెక్షన్లను అడ్డుకునే ఫైర్‌వాల్ ఆపేసి, సర్వర్ చిరునామాను 0.0.0.0గా మార్చాను. సమస్య తీరింది కానీ, ఇప్పుడు మొబైల్ నంబరు పంపితే ఎర్రర్ వస్తోంది. ఏం చేయాలి?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థి

జవాబు: ముందు ఫైర్‌వాల్ ఆన్ చేయండి. తక్కినది ఆ తర్వాత చదువుకోవచ్చు.

ప్రాజెక్టులు సమర్పించే రోజులు దగ్గరపడితే చాలు, ఊరూ పేరూ మారి ఇదే ఉత్తరం వస్తుంది. మొబైల్ నంబరు సంగతి చిన్నది. ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీలో పూర్ణాంకానికి 32 బిట్లే చోటు. 214,74,83,647 దాటిన సంఖ్యను పైథాన్ పంపనంటుంది. మన మొబైల్ నంబర్లు 6 నుంచి 9 వరకు ఉన్న అంకెతో మొదలయ్యే పది అంకెలవి కాబట్టి ఒక్కటీ ఇమడదు. అయినా ఫోన్ నంబర్లను కూడేదెవరు, గుణించేదెవరు? స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల వరుసగా పంపండి.

ఇక అసలు విషయం. ‘రెఫ్యూజ్డ్’ అని వెంటనే జవాబు వచ్చిందంటే చాలావరకు తప్పు ఫైర్‌వాల్‌ది కాదు. అది అడ్డుకుంటే సాధారణంగా ఏ జవాబూ రాదు, క్లయింట్ కాసేపు ఎదురుచూసి టైమవుట్ అవుతుంది. మీ సర్వర్ లోకల్‌హోస్ట్‌కే, అంటే సొంత ల్యాప్‌టాప్ నుంచి వచ్చే పిలుపులకే చెవి ఒగ్గి కూర్చుంది, అంతే. వైఫైలో మీ ల్యాప్‌టాప్‌కు ఉన్న ఐపీ చిరునామా ఇచ్చి, ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క పోర్టును (మీ సర్వర్‌కు పిలుపులు వచ్చే నంబరు తలుపును), స్నేహితుడి ఐపీకి మాత్రమే అనుమతిస్తే సరిపోయేది. 0.0.0.0 అంటే మీ ల్యాప్‌టాప్‌కున్న ప్రతి నెట్‌వర్క్ నుంచీ ఎవరైనా రావచ్చని.

వచ్చినవాళ్లను ఎవరని అడిగే ఏర్పాటు ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీలో దానంతట అది లేదు. పాస్‌వర్డు తనిఖీ మీరు రాయకపోతే లేనట్టే. పోర్టు అందినవాడల్లా మీరు రిజిస్టర్ చేసిన ప్రతి ఫంక్షన్‌నూ పిలవగలడు. అందులో ఫైలు చెరిపే ఫంక్షన్ ఉంటే అదీ అతని చేతిలోదే. ఒక్కో ఫంక్షన్‌ను రిజిస్టర్ చేయడానికి బద్ధకించి మొత్తం ఆబ్జెక్టును అప్పగించేవాళ్లు ఎక్కువ. దానికి తోడు ‘అలౌ డాటెడ్ నేమ్స్’ (చుక్కలున్న పేర్లతో పిలవనిచ్చే సదుపాయం) కూడా ఆన్ చేస్తే, వచ్చినవాడు ఆ చుక్కలు పట్టుకుని మీ ప్రోగ్రామ్ లోపలి వేరియబుల్స్ దాకా వెళ్లి, ఆ కంప్యూటర్‌లో తనకు నచ్చిన కోడ్ నడిపే వీలుంటుంది. ఈ లోపం 2005లోనే బయటపడి, ఆ సదుపాయాన్ని డిఫాల్ట్‌గా ఆపేశారు. వీడియోలవాళ్లు మళ్లీ తెరిపిస్తున్నారు.

ఇది ఉత్త బెదిరింపు కాదు. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వార్మ్ (తనంతట తానే వ్యాపించే ప్రోగ్రామ్) విండోస్‌లోని ఆర్‌పీసీ సేవలో ఉన్న లోపం గుండానే లక్షల కంప్యూటర్లలోకి దూరింది. ఎవరూ ఏమీ క్లిక్ చేయనక్కర్లేదు, నెట్‌కు కలిపి ఉంటే చాలు. నిమిషంలో రీస్టార్ట్ అవుతుందన్న పెట్టె తెరమీద కనిపించేది. సరిచేసే ప్యాచ్ దాదాపు నెల ముందే వచ్చినా వేసుకున్నవాళ్లు తక్కువ. ఆ మరుసటి ఏడాదే విండోస్‌లో ఫైర్‌వాల్‌ను మొదటినుంచీ ఆన్‌లో ఉంచడం మొదలుపెట్టారు. మీరు ఆపేసింది దాన్నే!

విద్యార్థులను అని ఏం లాభం? ఇంటి కెమెరాలు, స్మార్ట్ ప్లగ్గుల్లోనూ కొన్ని ఇదే పద్ధతిలో తయారవుతున్నాయి. ఒకే వైఫైలో ఉన్నవాళ్లంతా నమ్మదగినవాళ్లేనని వాటి ధీమా. అప్‌డేట్‌తో కొత్త పోర్టు తెరిచినా, నోటులో ‘పనితీరు మెరుగుపరిచాం’ అన్న ఒక్క వాక్యమే. ఏది తెరిచారో, ఎవరి కోసం తెరిచారో రాస్తే ఏం పోయింది?

మీరైతే ఈ రాత్రే నెట్‌స్టాట్ అనే కమాండ్ నడిపి, ఏయే పోర్టులు తెరిచి ఉన్నాయో చూడండి. పోయిన వారం మొదలుపెట్టిన సర్వర్ ఇంకా నడుస్తూ ఉండవచ్చు.