చలానాలుంటే కారు బీమా ప్రీమియం పెరుగుతుందా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. నా 1,197 సీసీ కారు బీమా వచ్చే నెల రెన్యూవల్‌కు వస్తోంది. ఐదేళ్లుగా క్లెయిం లేదు, అందుకు ప్రీమియంలో తగ్గించే నో క్లెయిం బోనస్ 50 శాతం ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద అతివేగానికి పడిన మూడు చలానాలు పెండింగ్‌లో ఉన్నాయి. మూడూ మా తమ్ముడు నడిపినప్పటివే. డాలస్‌లో ఉండే మా బావగారు ఒక్క టికెట్‌కే తన ప్రీమియం పెరిగిందన్నారు. మా ఏజెంటు కూడా చలానాలుంటే రేటు మారుతుందంటున్నారు. వాటిని ఇప్పుడే కట్టాలా, రాయితీ వచ్చేదాకా ఆగాలా? పార్కింగ్‌లో ముందు బంపర్ కూడా పగిలింది. క్లెయిం పెట్టుకోవచ్చా?

జవాబు: మీ బావగారు చెప్పింది అక్కడి సంగతి. అమెరికాలో బీమా కంపెనీలు డ్రైవరు రికార్డు తెప్పించుకుని, గత కొన్నేళ్ల టికెట్లు చూసి రేటు కడతాయి. మన దగ్గర లెక్క ప్రధానంగా బండి మీద నడుస్తుంది. ఎదుటివారికి జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియాన్ని కేంద్ర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన పట్టికలో 1,000 నుంచి 1,500 సీసీ కార్లకు అది 3,416 రూపాయలు, జీఎస్టీ అదనం. మీ పేరున నలభై చలానాలున్నా అంతే, ఒక్కటీ లేకపోయినా అంతే. మీ కారుకే జరిగే నష్టానికి కట్టే సొంత నష్టం ప్రీమియానికి బండి విలువ, వయసు, ఇంజను సామర్థ్యం, రిజిస్ట్రేషన్ ఊరు, మీ క్లెయింల చరిత్ర చూస్తారు.

మీ ఏజెంటు మాటకు మూలం బహుశా 2021 జనవరి నాటి ముసాయిదా. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నియమించిన బృందం ట్రాఫిక్ ఉల్లంఘనలకు పాయింట్లు వేసి, వాటిని బట్టి అదనపు ప్రీమియం వసూలు చేయాలని అందులో సూచించింది. మద్యం తాగి నడిపితే 100, తప్పుడు పార్కింగ్‌కు 10 పాయింట్లు. ముందు ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టాలన్నారు. అది దేశమంతటికీ నిబంధనగా మారలేదు. మీ రెన్యూవల్ నోటీసులో అలాంటి పద్దు ఉందని ఏజెంటు అంటే, ఎక్కడుందో వేలుపెట్టి చూపించమనండి.

మీ జేబుకు అసలు చిల్లు పెట్టేది బంపర్. కొత్త బంపర్ ధర 8,000 అనుకుందాం. ప్లాస్టిక్ భాగం కాబట్టి తరుగుదల కింద సగం కోస్తారు. ప్రతి క్లెయింలో మీరు భరించాల్సిన తప్పనిసరి మొత్తం వెయ్యి. చివరికి కంపెనీ ఇచ్చేది 3,000. ఇక పోయేది చూడండి. బోనస్ తీయకముందు మీ సొంత నష్టం ప్రీమియం 12,000 అయితే, ఇప్పుడు మీరు కడుతున్నది 6,000. క్లెయిం పెట్టగానే బోనస్ సున్నాకు పడిపోతుంది. ఈసారి పూర్తిగా 12,000 కట్టాలి. తర్వాత మళ్లీ 20, 25, 35, 45 శాతం మెట్లెక్కి 50కి చేరేసరికి, మూల ప్రీమియం మారకపోతే, మీరు అదనంగా కట్టింది 15,000 అవుతుంది. మూడు వేల కోసం పదిహేను వేలు! తరుగుదల కోయని జీరో డిప్రిసియేషన్ కవర్ ఉండి ఏడు వేలు వచ్చినా నష్టమే. పాలసీలో బోనస్ రక్షణ అనే అదనపు కవర్ ఉంటే మాత్రం లెక్క వేరు. లేకపోతే బంపర్ మీ డబ్బుతోనే మార్పించండి.

రెన్యూవల్ గడువు మాత్రం దాటనివ్వకండి. దాటాక 90 రోజుల్లో కట్టకపోతే ఐదేళ్ల బోనస్ మొత్తం పోతుంది. ఈలోపు బీమా లేకుండా బండి బయటికి తీస్తే, అది మరో చలానా.

చలానాల విషయానికొస్తే, ఒక్కోటి యూజర్ ఛార్జీతో కలిపి 1,035 చొప్పున 3,105 రూపాయలు. రాయితీలు ఇచ్చిన మాట నిజమే. 2022 మార్చిలో కార్లకు సగం, 2023 డిసెంబరులో 60 శాతం తగ్గించారు. మళ్లీ ఇస్తారని ఎదురుచూస్తే మీకు మిగిలేది రెండు వేల లోపే. ప్రభుత్వం దయ మీద ఇంటి బడ్జెట్ వేసుకోవడం నాకైతే నచ్చదు. ఈ-చలానా సైట్‌లో ఫొటో తెరిచి, బండి మీదేనని చూసుకుని కట్టేయండి. వీలైతే తమ్ముడి చేతే కట్టించండి.

నన్ను కంగారు పెట్టింది మీరు అడగని విషయం. అతివేగానికి లైసెన్సు సస్పెండ్ చేయవచ్చు. చెల్లుబాటయ్యే లైసెన్సు లేకుండా గానీ, మద్యం తాగి గానీ నడిపినప్పుడు ప్రమాదం జరిగితే కారు రిపేరుకు కంపెనీ పైసా ఇవ్వదు. లైసెన్సు లేని కేసుల్లో, ఎదుటివారికి ముందు కంపెనీ చెల్లించి ఆ మొత్తాన్ని యజమాని నుంచి రాబట్టుకోవాలని కోర్టులు తీర్పులిచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఇక్కడ యజమాని మీరు. ఆ పరిహారాలు లక్షల్లో ఉంటాయి. ఈ ఆదివారం మీ తమ్ముడి లైసెన్సు నంబరును కేంద్ర రవాణా శాఖ పరివాహన్ సైట్‌లో చూడండి. గడువు తీరినా, సస్పెన్షన్‌లో ఉన్నా, అది సరయ్యేదాకా తాళాలు మీ దగ్గరే ఉంచుకోండి.