దంతాలకు వేసే రెజిన్ ఎంత గట్టిపడిందో పరారుణ కిరణాలతో ఎలా కొలుస్తారు?

నల్లగొండ ప్రాంతంలో ఫ్లోరోసిస్ మచ్చలు పడ్డ పళ్లపై వేసే కాంపోజిట్ రెజిన్, నీలి లైటుకు పైకి గట్టిపడినట్టే కనిపిస్తుంది. లోపలి సంగతి ఎలా తెలుస్తుందన్నది ప్రశ్న.

రెజిన్‌లోని మెథాక్రిలేట్ అణువుల చివర్లలో కార్బన్ ద్విబంధాలుంటాయి. లైటు పడ్డాక అవి ఏకబంధాలుగా మారి అణువులను గొలుసులుగా కలుపుతాయి. ద్విబంధం సెంటీమీటరుకు 1638 తరంగాల దగ్గర పరారుణ కాంతిని పీల్చుకుంటుంది కనుక, గట్టిపడేకొద్దీ గ్రాఫులో అక్కడి శిఖరం కుంగుతుంది. అయితే నమూనా మందం మారినా శిఖరం ఎత్తు మారుతుంది. అందుకే బిస్-జీఎంఏ (బెంజీన్ వలయాలున్న ఒక మెథాక్రిలేట్) ఉన్న రెజిన్లలో, చర్యలో పాల్గొనని బెంజీన్ వలయం 1608 దగ్గర చూపే శిఖరాన్ని ఆధారంగా తీసుకొని రెండింటి నిష్పత్తి కడతారు. ముద్దగా ఉన్నప్పుడు ఆ నిష్పత్తి 1.5, గట్టిపడ్డాక 0.6 అనుకుంటే, 40 శాతం ద్విబంధాలు మిగిలాయి, 60 శాతం మారాయి. వలయం లేని రెజిన్‌కు మరో స్థిరమైన శిఖరాన్ని వెతుక్కోవాలి.

నమూనాను స్ఫటికానికి అదిమి కొలిచే ఏటీఆర్ పద్ధతి సులువే కానీ, అది కొన్ని మైక్రాన్ల లోతు వరకే చూస్తుంది. కాబట్టి 2 మిల్లీమీటర్ల బిళ్లకు లైటు తగిలిన పైముఖాన్నే కాక అడుగుముఖాన్నీ విడిగా కొలవాలి. నా దృష్టిలో అడుగు విలువ చెప్పని ఫలితం సగం ఫలితమే. లైటు ఆపాక కూడా చర్య నెమ్మదిగా సాగుతుంది గనుక, వెంటనే కొలిచారా, 24 గంటలకు కొలిచారా అన్నదీ రాయాలి.

సాధారణంగా 50 నుంచి 75 శాతం మార్పే కనిపిస్తుంది. మిగిలిందంతా నోట్లోకి కారే విడి రెజిన్ అనుకోకూడదు. ఒక్కో అణువుకు రెండు చివరలుండటంతో, చాలావాటికి ఒక చివర అప్పటికే గొలుసుకు అతుక్కొని ఉంటుంది.