ఈస్ట్ కెయిర్న్ కొండ: హెదర్ పూసే రోజుల్లో ఒక పూట నడక

స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోకు దగ్గరలో, జనసందడి లేకుండా, హెదర్ అనే ఊదారంగు పూల పొదల పూత చూస్తూ ఒక పూటలో ఎక్కి దిగగలిగే కొండ ఏదని అడిగారు. ఆ ఊళ్లో చదువుకున్న రోజుల్లో నేను మూడుసార్లు వెళ్లిన ఈస్ట్ కెయిర్న్ కొండనే సూచిస్తాను. పెంట్లాండ్ కొండల్లో పడమటి వైపున్న దీని ఎత్తు 567 మీటర్లు.

ఏ70 రహదారి మీద లిటిల్ వాంటేజ్ అనే చోట కారు ఆపుకొని, వాటర్ ఆఫ్ లీత్ ఏరు దాటి, నాలుగు కిలోమీటర్లకు పైగా నడిస్తే కాల్డ్‌స్టేన్ స్లాప్ అనే కనుమ వస్తుంది. ఒకప్పుడు ఫాల్కిర్క్ సంత నుంచి పశువుల మందలను ఇంగ్లండ్ వైపు తోలుకుపోయిన బాట ఇదే. దీనికి దొంగల దారి అనే పేరు ఎందుకు వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

కనుమ నుంచి శిఖరానికి ఎక్కేటప్పుడు కాలిబాటను మాత్రం విడిచిపెట్టకండి. దూరానికి ఊదారంగు తివాచీలా మెత్తగా కనిపించే హెదర్ నిజానికి చీపురుపుల్లల్లా బిరుసైన కొమ్మలు పెనవేసుకున్న పొద. పూర్వం అక్కడివారు దానితో చీపుళ్లే కట్టుకునేవారు. మొదటిసారి వెళ్లినప్పుడు నేను దగ్గరి దారి అనుకొని అడ్డంగా నడిచాను. ఆవగింజకన్నా కాస్త పెద్దవైన పువ్వుల నుంచి రేగిన పుప్పొడి బూట్ల మీద బూడిదలా పేరుకుంది. పొద కింద ఏముందో కనిపించక ఎడమ కాలు మోకాలి దాకా పీట్ అనే, కుళ్లిన మొక్కలు పేరుకున్న బురదలో దిగబడింది. పైకి తీసేసరికి బూటు నిండా డికాషన్ రంగు నీళ్లు! ఆ కంగారులో ఉండగానే కాళ్ల పక్కనుంచి ఎర్ర గ్రౌస్ పిట్ట ఒకటి ‘గో బ్యాక్, గో బ్యాక్’ అన్నట్టు అరుస్తూ లేచింది. దాని సలహా ఆ రోజుకు సరైనదే.

ఆగస్టు రెండో సగంలో పూత నిండుగా ఉంటుంది. ఆగస్టు 12 నుంచి గ్రౌస్ వేట కూడా మొదలవుతుంది కనుక, బాట పక్కన హెచ్చరిక పలకలు కనిపిస్తే ఆగి చదవండి. 2003 నాటి భూసంస్కరణ చట్టం స్కాట్లాండ్‌లో బాధ్యతగా నడిచే ఎవరికైనా కొండల మీద తిరిగే హక్కునిచ్చింది కాబట్టి ప్రత్యేకంగా అనుమతి అడగనక్కరలేదు. శిఖరం మీది పెద్ద రాళ్లగుట్ట చాటున గాలి తగలకుండా కూర్చొని, తెచ్చుకున్న పులిహోర తినవచ్చు.

ప్యాంటు అంచులను మేజోళ్లలోకి దోపుకోవడం మరవకండి. అక్కడి గోమార్లు (రక్తం పీల్చే చిన్న పురుగులు) కుడితే లైమ్ వ్యాధి అనే బ్యాక్టీరియా జబ్బు రావచ్చు. రెండోసారి వెళ్లి ఇంటికి తిరిగొచ్చాక, నా మోకాలి వెనుక నువ్వుగింజంత గోమారి ఒకటి పట్టుకొని కనిపించింది.