మోకాలు జాగ్రత్త, చిట్టితల్లీ

చిట్టితల్లీ,

ఆఫీసుకి మూడు నెలలు సెలవు పెట్టి, తాయి చీ అనే నెమ్మదిగా కదిలే వ్యాయామ విద్య నేర్చుకోవడానికి చైనాలో వుడాంగ్ కొండలకి వెళ్తున్నావని మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేశాడు. వాడి గొంతులో కంగారు. "వెళ్ళనీరా" అన్నానే గానీ, ఫోన్ పెట్టేశాక నాకూ నిద్ర పట్టలేదు. దావో అనే చైనా తత్త్వం మాట మన ఇంట్లో నా తరవాత ఇంకొకరి నోట వింటానని అనుకోలేదు. ఆ సంతోషం ఎంతుందో భయమూ అంతే ఉంది.

వీసా, టికెట్ల సంగతి నీకు చెప్పక్కర్లేదు. స్వెట్టర్ ఒకటి ఎక్కువ సర్దుకో. డబ్బులు కట్టే యాప్ ఇక్కడే ఫోన్‌లో పెట్టుకో.

దావోదేజింగ్ పుస్తకం చదివి వెళ్ళు. 81 చిన్న అధ్యాయాలు, దాదాపు 5,000 చైనా అక్షరాలు. లావోజు అనే పాతకాలపు చైనా జ్ఞాని రాశాడని చెప్తారు. దావో అంటే దారి, లోకం తనంతట తాను నడిచే తీరు. వెళ్ళగానే "ఇది మా అద్వైతమే" అనకు. నేను అన్నాను. పోలిక దొరికిందన్న సంబరంలో వాళ్ళు చెప్పేది చాలాకాలం సరిగ్గా వినలేదు.

యిన్, యాంగ్ అని వాళ్ళు చెప్పే జంటను మంచీ చెడూ అని కూడా అనుకోకు. మొదట్లో ఆ మాటలకి అర్థం కొండకి నీడ పడే వైపు, ఎండ పడే వైపు అనే. కొండ ఒక్కటే కదా. ఒక వైపు ఉంచుకుని రెండోది తీసేస్తానంటే కుదరదు. తాయి చీలో ఇది నీ కాళ్ళకే తెలుస్తుంది. బరువు మోసేది నిండు కాలు, రెండోది ఖాళీ కాలు. అడుగు వేసేసరికి నిండు ఖాళీ అవుతుంది, ఖాళీ నిండుతుంది. రెండు కాళ్ళ మీదా సమానంగా బరువు పెట్టి నిలబడితే కదల్లేవు.

ఇక అసలు సంగతి. ఇది మీ నాన్నకి కూడా పూర్తిగా తెలియదు.

2009లో నేను చైనాలో చెంగ్డు నగరంలో ఉద్యోగం చేసేవాణ్ణి. రోజూ పొద్దున్నే పార్కులో ఒక పెద్దాయన దగ్గర తాయి చీ నేర్చుకునేవాణ్ణి. నాకప్పుడు 46. అక్కడ నేనొక్కణ్ణే పరాయి దేశం వాణ్ణి, అందరికంటే బాగా చెయ్యాలని పట్టుదల. మోకాళ్ళు ఎంత వంచితే అంత గొప్ప అనుకున్నాను. మాస్టారు వచ్చి నడుం పట్టుకుని పైకి లేపేవారు. ఆయన అటు తిరగ్గానే మళ్ళీ కిందికి దిగేవాణ్ణి. కుడి మోకాలు వాచింది. మీ పెద్దమ్మ అడిగితే చలికి అన్నాను. రాత్రి మోకాలికి వేడినీళ్ళ కాపడం పెట్టుకుంటూ, మెత్తదనం గురించి లావోజు చెప్పింది చదివేవాణ్ణి! మునివేళ్ళ మీద లేచినవాడు నిలకడగా నిలబడలేడని 24వ అధ్యాయంలో ఉంది. దాని కింద గీత కూడా గీశాను. అది నా గురించేనని తట్టలేదు.

ఒక ఆదివారం మాస్టారితో చింగ్‌చెంగ్ కొండ ఎక్కాం. దావో గుడులున్న పాత కొండ అది. దిగేటప్పుడు మెట్ల మీద మోకాలు పట్టు తప్పింది. కూలబడిపోయాను. ఇద్దరు కుర్రాళ్ళు మోసుకొచ్చారు. మాస్టారు ఒక్క మాట అనలేదు. నేను కర్ర పట్టుకుని నడవగలిగాక, దగ్గర్లోనే ఉన్న దుజియాంగ్‌యాన్‌కి తీసుకెళ్ళారు. క్రీస్తుపూర్వం 256 ప్రాంతంలో లీ బింగ్ అనే అధికారి మిన్ నది మీద మొదలుపెట్టిన పని అది. నదికి అడ్డంగా ఎత్తైన ఆనకట్ట కట్టలేదు. నది మధ్యలో చేప మూతిలాంటి గట్టు కట్టి ప్రవాహాన్ని రెండుగా చీల్చాడు. ఒక పాయ పొలాలకి, ఇంకోటి వరద పోవడానికి. ఇప్పటికీ పొలాలకి నీళ్ళిస్తోంది. అక్కడి గుడి గోడ మీద ఆరు అక్షరాలున్నాయి. మేట లోతుగా తియ్యి, గట్టు ఎత్తు తక్కువ కట్టు అని. మాస్టారు వాటిని చూపించి, కర్ర మీదున్న నా చెయ్యి తట్టి ఊరుకున్నారు.

లావోజు వూవెయ్ అంటాడు, అంటే బలవంతంగా ఏదీ చెయ్యకపోవడం. అది ఊరికే కూర్చోవడం కాదని నాకు అక్కడే అర్థమైంది. మేట తియ్యడం తక్కువ పనా? నదితో పోట్లాడకపోవడమే వూవెయ్. నేను ఎనిమిది నెలలు నా మోకాలితో పోట్లాడాను.

నీ ఓణీల ఫంక్షన్ రోజు నీ దగ్గరకి వంగకుండా దూరం నుంచే అక్షింతలు చల్లానని నువ్వు అలిగావు, గుర్తుందా? వంగలేకపోయాను తల్లీ. అందరి ముందూ చెప్పడానికి సిగ్గేసింది.

నువ్వు నాలాంటిదానివే. పదో తరగతిలో ఒక్క మార్కు తగ్గిందని రెండు రోజులు అన్నం ముట్టలేదు. అక్కడ కూడా ఫస్ట్ రావాలని చూస్తావు, నాకు తెలుసు. వద్దు. గురువు పైకి లేపితే లేచే ఉండు. మెట్లు దిగేటప్పుడు తొందరపడకు. మోకాలు నొప్పి పుడితే ఆ పూటే చెప్పు. ఆయనకి చెప్పడానికి మొహమాటమైతే నాకు ఫోన్ చెయ్యి. అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు ముందు. మీ ప్రాక్టీసు ఆరున్నరకి మొదలైతే ఇక్కడ నాలుగు. అప్పటికి నేను లేచే ఉంటాను.

మీ పెదనాన్న