షుగర్ సంగతి దాచి పాలసీ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా రాజాం. చిన్న బట్టల కొట్టు ఉంది. నాన్నకు 68, అమ్మకు 63. నాన్నకు తొమ్మిదేళ్లుగా షుగర్. ఇద్దరికీ హెల్త్ పాలసీకి ఏడాదికి 46,000 అవుతుందని, షుగర్ సంగతి రాయకపోతే ఇంకా తగ్గుతుందని ఏజెంటు అంటున్నారు. అంత కట్టే బదులు చీటీ వేద్దామనుకుంటున్నా. మరీ అవసరమైతే తెలిసినవాళ్ల దగ్గర మూడు రూపాయల వడ్డీకి దొరుకుతుంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఏజెంటు చెప్పిన మాటే ఒకప్పుడు మా ఇంట్లోనూ విన్నాం. మాది ఆమదాలవలస. నాన్నకు గుండెనొప్పి వస్తే, పాలసీ ఉందిలే అన్న ధీమాతో విశాఖ తీసుకెళ్లాం. రాత్రి డ్యూటీ డాక్టర్ అడిగితే నాన్న మంచం మీంచే, "ఎనిమిదేళ్లుగా షుగరండి, ఒక్క పూట కూడా మాత్ర మానలేదు" అని గొప్పగా చెప్పారు. డాక్టర్ అదే కేస్ షీట్‌లో రాసుకున్నారు. పాలసీ ఫారంలో మాత్రం షుగర్ గడిలో 'లేదు' అని ఉంది. నింపింది ఏజెంటు, సంతకం నాన్నది. క్లెయిమ్ పోయింది. అమ్మ నానుతాడు బ్యాంకుకు వెళ్లింది. చాలక ఇంకో మూడు లక్షలు మీరంటున్న ఆ మూడు రూపాయల వడ్డీకే తెచ్చాం. పెద్దవాళ్ల ఫారాలు పక్కన కూర్చుని నింపించడం నాకు అప్పటి నుంచే అలవాటైంది.

కాబట్టి షుగర్ ఉందని రాయండి, వాడే మాత్రల పేర్లతో సహా. ప్రీమియం పెరిగితే పెరగనీయండి. ముందే ఉన్న జబ్బులకు కవర్ రావాలంటే గరిష్ఠంగా 3 ఏళ్లు ఆగాలి, అంతే. అయిదేళ్లు దాటితే కంపెనీ ఏమీ అడగదని కూడా కొందరు ఊరిస్తారు. మోసమని రుజువైతే ఆ అయిదేళ్ల రక్షణ పనిచేయదు. పాలసీ చేతికొచ్చాక దాంతో వచ్చే ఫారం కాపీ చదవండి. తేడా ఉంటే వెంటనే రాతపూర్వకంగా చెప్పండి, నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయొచ్చు. అన్నట్టు, ఆ 46,000లో జీఎస్టీ కలిపి ఉంటే కొటేషన్ పాతది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీలపై ఆ పన్ను లేదు.

మూడు రూపాయల వడ్డీ సంగతి. మూడు లక్షలకు నెలకు 9,000. మీరు బరువంటున్న ఏడాది ప్రీమియం అయిదు నెలల వడ్డీకే చెల్లు, అసలు అలాగే ఉంటుంది. తెలిసినవాళ్లయితే మాత్రం వడ్డీ తగ్గిస్తారా? చీటీ వేసుకోండి, కాదనను. కానీ ఆస్పత్రి బిల్లు పాట దాకా ఆగదు. కోపే, అంటే బిల్లులో మీరు కట్టాల్సిన వాటా, 20 శాతం ఉంటే నాలుగు లక్షల బిల్లులో 80,000 మీ జేబులోంచే పోతుంది, అందుకని ఓ లక్ష బ్యాంకులో విడిగా ఉంచండి.

రైస్ కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో సచివాలయంలో అడగండి. నాన్నగారికి 70 నిండగానే ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకోండి, 5 లక్షల దాకా కవర్ ఉంటుంది.

ఏజెంటు మళ్లీ వస్తే, షుగర్ రాయొద్దన్న మాట కాగితం మీద పెట్టి సంతకం చేసిమ్మనండి.